అప్రస్తుత ప్రసంగము

అష్టావధానసభకు పోయి వచ్చినవారందరును అవధాని ధారణాశక్తిని వేనోళ్ల కొనియాడుదురు. ఎనమండుగురు పృచ్ఛకులు ఎదుట కూర్చుండి, ఒకరు నిషిద్ధాక్షరి యనియు, ఒకరు సమస్య యనియు, ఒకరు దత్తపది యనియు, వేరొకరు వర్ణన యనియు ఆయన బుద్ధిని తమతమ దిక్కునకు లాగుచుండగా, నడుమనడుమ గంట కొట్టువాడు గంట కొట్టుచుండగా, ఆ గంటల లెక్కయును తప్పక, పద్యపాదములును తప్పక, తుదకు సర్వమును ఏకరువు పెట్టు ఆ మహానుభావుని చూచి ఆశ్చర్యపడని తెలుగువాడు లేడు. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానముల వెంట తిరిగి ఈ విద్యకు ఊరూర గౌరవము తెచ్చిన నాటినుండి నేటి దనుక మన ఆశ్చర్యమంతయు అవధాని మీదనే నిలిచిపోయినది. నాకు మాత్రము, వయస్సు పైబడిన కొలదిని, అవధానికంటె ఆ సభయొక్క కట్టుబాటు ఎక్కువ వింతగా తోచుచున్నది. పృచ్ఛకులు ఎనమండుగురే. వారెవరో సభారంభముననే పేరుపేరున చెప్పుదురు. ఒక ఆవృత్తిలో ఒక్క పాదము, నాలుగు ఆవృత్తులతో పద్యము పూర్తి, ఆ మీదట ధారణ, దానితో సభ ముగియును, శాలువ కప్పుదురు, జనులు చెప్పులు వెదకికొని ఇండ్లకు పోవుదురు. శతావధానమైనను అంతే. అడుగువారు నూరుగురు కావచ్చును, దినములు పట్టవచ్చును, కాని తుది యొకటి కలదు. ఈ ఎనమండుగురిలోనే, సంబంధములేని మాటలాడి అవధాని ఏకాగ్రతను చెడగొట్టుటయే పనిగా నియమింపబడిన పుణ్యాత్ము డొకడుండును. అతనిని అప్రస్తుత ప్రసంగి యందురు. అతడును ఒక్కడే. మన పెద్దలు ఎంతటి రసికులైనను, అప్రస్తుతమునకు ఎనిమిదింట ఒక వంతునకు మించి చోటీయలేదు.

ఇట్టి సభ నొకదానిని ఊహించి, దాని కట్టుబాటులను ఒక్కొక్కటిగా తొలగించుచు పోయినచో తుదకు మిగులునది ఏదో, అది నేడు మన చొక్కాజేబులో ఉన్నది. ఫోను గలిగిన ప్రతివాడును, ఉపదేశము లేకయే, అభ్యాసము లేకయే, సరస్వతీ కటాక్షము మాట యట్లుంచి కనీసము తన సమ్మతియైన లేకయే, అవధాని యైనాడు. పృచ్ఛకులకు సంఖ్య లేదు. వారిలో పెక్కుమంది ఎవరో తెలియదు. ఒకరి వెనుక నొకరు అడుగవలెనను వరుస లేదు. ఒక పద్యము రెండవపాదమునకు రాకమునుపే మరియొక పద్యము. గంట మాత్రము మ్రోగుచునే యుండును. మరి అప్రస్తుత ప్రసంగి? అతడు సభకు అధ్యక్షు డైనాడు.

ప్రాతఃకాలమున కాఫీగ్లాసు చేతబట్టికొని వాట్సాప్ తెరచినవాని యెదుట ఏమేమి నడచిపోవునో ఒక్కసారి నెమ్మదిగా చూతము. మొదట శుభోదయములు: గులాబిపై మంచుబిందువు, దాని క్రింద వేంకటేశ్వరస్వామి, దాని క్రింద అబ్దుల్ కలాముగారు ఎన్నడును చెప్పియుండని ఒక సూక్తి. ఆ వెనుక నేటి బంగారము ధర. పిమ్మట, మెంతులు నానవేసిన నీరు పరగడుపున త్రాగినచో మధుమేహము మాయమగునని ఒక వైద్యుడు, వైద్యుడో కాదో, ఒట్టు పెట్టి చెప్పుట. పినతండ్రి మనుమరాలి అన్నప్రాశన చిత్రములు, ఒకే ముద్ద పది కోణములనుండి. ఎక్కడిదో ఒక యుద్ధము, కూలిన గోడ క్రిందినుండి ఒక చేయి. దాని వెంటనే ఎవరో పెట్టిన చప్పట్ల బొమ్మ. అది యుద్ధమునకు కాదు, అన్నప్రాశనకు, కాని వచ్చుటలో ఆలస్యమై అక్కడ తగులుకొన్నది. అపార్ట్‌మెంటులో పదిగంటలకు నీళ్ల ట్యాంకు కడుగుదురని ఒక ప్రకటన. ఈ సమస్తములోను మనకు నిజముగా కావలసినది ఇదొక్కటే. ఇదియే కంటబడకుండ పోవును. కళాశాలలో మనతో చదివిన ఒకాయన పరమపదించినాడని వార్త. క్రింద వరుసగా జోడించిన చేతులు. ఆ చేతుల నడుమ, సంగతి చూడని ఒక అమాయకుడు పంపిన భార్యాభర్తల హాస్యము. కాఫీ ఇంకను చల్లారలేదు.

ఈ శుభోదయముల ఖ్యాతి ఖండాంతరములకు ప్రాకినదే. మన దేశపు ఫోనులు ఈ గులాబులతోను సూర్యోదయములతోను నిండిపోయి ఊపిరాడక నిలిచిపోవుట చూచి, గూగుల్ వారు 2018 లో తమ ఫైల్స్ గో అను యాప్‌లో వానిని వెదకిపట్టి తుడిచివేయు వసతి నొకదానిని కల్పింపవలసి వచ్చినది. ఒక జాతి ఆప్యాయతను తుడిచివేయుటకు యంత్రము పుట్టుట చరిత్రలో ఇదియే మొదలేమో!

దీనిని కేవలము కాలహరణ మనుట నాకు సమ్మతము కాదు. కాలహరణము మనకు క్రొత్తయా? అరుగులమీద చతురంగము, కాఫీ హోటళ్లలో రాజకీయము, రైల్వే స్టేషనులో ఎవరికొరకును కాకుండ రైలు చూచుట, వీనిలో తరతరములుగా కాలమును పోగొట్టినాము, పోగొట్టి సుఖపడినాము. ఇక్కడ పోవుచున్నది వేరొకటి. రసము ఎట్లు పుట్టునో చెప్పిన భరతముని వ్యభిచారిభావములు ముప్పదిమూడని లెక్కించినాడు. అవి వచ్చిపోవునవి. అవి వచ్చిపోవుటకు క్రింద స్థాయిభావ మొకటి నిలిచియుండవలెను. శోకము స్థాయిగా నున్నచోట దైన్యము వచ్చిపోయినను, చింత వచ్చిపోయినను, స్మృతి వచ్చి కొంతసేపు కూర్చుండి పోయినను, అన్నియు కలిసి కరుణమును పుష్టి చేయును. ఈ అరచేతి నాటకమున హర్షము, అమర్షము, గర్వము, అసూయ, నిర్వేదము బొటనవ్రేలి క్రింద ఒకదాని నొకటి త్రోసికొనుచు పరుగెత్తును. క్రింద నిలిచిన స్థాయి యొక్కటియు లేదు. పూర్వము చావుకబురు విన్నవాడు చేతిలోని పని క్రిందపెట్టి, కొంతసేపు గోడకు చేరగిలి కూర్చుండి, పోయినవారిని గూర్చి ఇంట్లోవారితో నాలుగు మాటలు చెప్పి, లేచి స్నానము చేసెడివాడు. ఆ కొంతసేపటిలో శోకము శోకమైనది. నేడు జోడించిన చేతుల బొమ్మ నొక్కి, తెరను పైకి త్రోసి, తరువాత నున్న పుట్టినరోజునకు పోవుచున్నాము. మనము కఠినుల మైతిమని నేననను. కఠినులగుటకైనను కొంత వ్యవధి కావలెను గదా.

తెలిసికొనవలసినది మితిమీరినదను మొర మాత్రము నేటిది కాదు. ఐరోపాలో అచ్చుయంత్రమునకు నూరేండ్లు నిండకమునుపే, 1545 లో, జూరిక్ పట్టణపు పండితుడు కాన్రాడ్ గెస్నర్ లాటిను, గ్రీకు, హీబ్రూ భాషల గ్రంథములన్నింటికి పట్టిక కట్టబూని ‘బిబ్లియోథెకా యూనివర్సాలిస్’ను ప్రకటించినాడు. పుస్తకముల వెల్లువకు ఆయన కనుగొన్న మందు మరియొక పుస్తకము, అదియు మిక్కిలి లావైనది! మన తాతల బాధ ఇందుకు విరుద్ధము. వారిది కొరత. హైదరాబాదులో 1901 లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, వేటపాలెములో 1918 లో సారస్వత నికేతనమును స్థాపించినవారు, అయ్యంకి వెంకటరమణయ్యగారివంటివారు, పుస్తకమును పాఠకుని గుమ్మము దాక తీసికొనిపోవుటకు జీవితములు ధారపోసిరి. ఆ కొరత దినములలోనే, 1931 లో, మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధిపతి ఎస్. ఆర్. రంగనాథన్ గారు గ్రంథాలయశాస్త్రమునకు అయిదు సూత్రములు వ్రాసినారు. అందు నాలుగవది పాఠకుని కాలమును ఆదా చేయవలెనని. నాకు ఈ సూత్రము ఎన్నిమారులు తలచినను తనివితీరదు. పుస్తకము దొరకుటయే గగనమైన నాడు, దొరకిన పుస్తకము ముందు పాఠకు డెంతసేపు నిలువవలసి వచ్చునో ఆలోచించిన గ్రంథపాలకుని మర్యాద ఎట్టిది! ఒకరి ముందు ఒక వస్తువు నుంచువానికి, ఆ వస్తువు వారి ఆయువును అనవసరముగా తినకుండ చూచు బాధ్యత కలదని ఆయన యెరుగును. నలుబదియేండ్ల పిమ్మట, 1971 లో, అమెరికా ఆర్థికశాస్త్రవేత్త హెర్బర్ట్ సైమన్ ఇదే సంగతిని తన శాస్త్రపరిభాషలో చెప్పినాడు: సమాచారము తినునది గ్రహించువాని శ్రద్ధను, కనుక ఒకటి సమృద్ధమైనచోట రెండవది కరవగునని. ఆయనకు 1978 లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆయన హెచ్చరికగా చెప్పినదానిని వర్తకులు వర్తకసూత్రముగా గ్రహించినారు. కరవైన వస్తువునకే గదా బజారులో వెల!

తుది లేకుండ పోవుట ఎట్లు జరిగెనో చెప్పెదను, అది మన కన్నుల యెదుట జరిగినదే. పత్రికకు చివరిపుట యుండెను. రేడియోలో ఇంతటితో వార్తలు సమాప్తమని ఒక గంభీరకంఠము చెప్పెడిది. చెప్పినంతనే రేడియో కట్టివేయుటయో, కట్టకున్నచో సంగీతము వినుటయో మాత్రమే మిగిలెడిది, వార్తలు మాత్రము మరి వచ్చెడివి కావు. కార్డుముక్క మీద చోటు చాలక, చుట్టుప్రక్కల అంచులవెంట తిప్పితిప్పి వ్రాసి, అది కూడ నిండినపిదప ‘మిగతా విషయములు కలిసినపుడు’ అని ముగించెడివారు. తంతికి మాటకు ఇంతయని వెల. అందుచేత ప్రాణాపాయము సైతము నాలుగు మాటలలో ఇమిడెడిది. ఆ తంతిని 2013 జూలైలో మన ప్రభుత్వము నిలిపివేసినది. 2004 లో పుట్టిన ఫేస్‌బుక్ కూడ మొదట రెండేండ్లు, ఒక్కొక్క స్నేహితుని పుట తలుపు మనమే పోయి తట్టునట్లుగా నుండెను. 2006 సెప్టెంబరులో వారు న్యూస్ ఫీడ్ అని అందరి సంగతులను ఒకే ప్రవాహముగా కలిపిరి. లక్షలమంది విద్యార్థులు వలదని గోల చేసిరి. కొంతకాలమునకు ఆ గోల చేసినవారే అందులో మునిగిరి. ఆ సంవత్సరమే ఏజా రాస్కిన్ అను యువకుడు, పుట అడుగునకు చేరకమునుపే క్రింద మరియొక పుట వచ్చి అతుకుకొను ఏర్పాటు కల్పించినాడు. తరువాత అతడే బహిరంగముగా చింతించినాడు. 2016 లో ట్విట్టరును ఇన్‌స్టాగ్రామును కాలక్రమమును విడిచిపెట్టినవి. అనగా ముందు జరిగినది ముందు, వెనుక జరిగినది వెనుక అను కనీసపు న్యాయము పోయి, ఏది చూపినచో మనము కదలక కూర్చుందుమో అది ముందు వచ్చు పద్ధతి ఏర్పడినది. దైవవశమున అదే సంవత్సరము సెప్టెంబరులో మన దేశమున జియో వచ్చినది. అంతవరకు నెట్ ప్యాకు అయిపోవునేమో యని వీడియో తెరచుటకు వెనుకాడిన సామాన్యుడు, మొదట ఉచితముగా, పిదప ఉచితమువలె దొరకిన డేటాను పొద్దుపోక తోడనారంభించినాడు. వెల యను చివరి గట్టు కూడ తెగినది.

ప్రతిక్రియగా లోకమున రెండు మార్గములు బోధింపబడుచున్నవి. మొదటిది సన్న్యాసము: సమస్తమును తుడిచివేసి, మీటలు మాత్రమే గల పాతతరహా ఫోను కొనుక్కొనుట. మా బంధువులలో ఒక యువకుడు ఈ ఆశ్రమమును స్వీకరించినాడు. అతని వైరాగ్యము మెచ్చదగినదే, కాని నెల తిరుగకమునుపే అతని భార్యకు పని రెట్టింపైనది. పిల్లవాని బడినుండి వచ్చు ప్రకటనలు, అపార్ట్‌మెంటు మెయింటెనెన్సు లెక్కలు, పెండ్లిపిలుపులు (ఇంటికి వచ్చి బొట్టుపెట్టి పిలుచువారు నేడెందరు?), అన్నియు ఆమె చదివి అతనికి విన్నవింపవలసి వచ్చినది. ఒకరి సన్న్యాసము మరియొకరి సంసారముమీద నడచుట మన దేశమున అనాదిగా ఉన్నదే యనుకొనుడు. రెండవది గణితము: 2018 నుండి ఫోనులు చేయువారే, మనము నేడు ఎన్ని నిమిషములు తెర చూచితిమో లెక్కగట్టి చూపుచున్నారు. ఆ లెక్కను నేను లక్ష్యపెట్టను. డాలస్‌లోని మనుమరాలు క్రొత్తగా నేర్చిన అన్నమయ్య కీర్తనను మధ్యలో మరచి, నాలుక కరచుకొని, మరల మొదలుపెట్టుచుండగా గడచిన గంటయు, ముక్కుమొగము తెలియని ఇద్దరు ఒకరినొకరు దూషించుకొనుచుండగా చూచిన పదినిమిషములును ఆ లెక్కలో ఒకే గాటను కట్టబడినవి. హాని నిమిషములలో లేదు.

కనుక నేను సభను ఎత్తివేయలేదు. కట్టుబాటును మాత్రము తిరిగి తెచ్చుకొన్నాను. మనుష్యుడు స్వయముగా పిలిచినప్పుడు తప్ప నా ఫోను మ్రోగదు. గుంపులన్నియు మ్యూటు. వాట్సాప్‌లో దానికి ఎనిమిది గంటలు, ఒక వారము, ఎల్లప్పుడు అని మూడు గడువులు కలవు. పూర్వము ఒక సంవత్సరమే పరమావధిగా నుండెను, 2020 లో వారు శాశ్వతత్వమును ప్రసాదించినారు, దానినే స్వీకరించినాను. మ్యూటు చేసినవానిని ఆర్కైవు అను అటకమీది కెక్కించినాను. చిత్రములు వానియంతట అవి దిగవు. నేను కోరినది దిగును. ఫేస్‌బుక్ ఫోనునుండి తొలగి బల్లమీది కంప్యూటరున కాపురమున్నది; అక్కడను ఫీడ్స్ అను చోట కాలక్రమమున చూచి, నిన్న చూచిన చోటు వచ్చినంతనే ఆపివేయుదును. స్నేహము చెడకుండ అనుసరణము మానుకొను వెసులుబాటు అందున్నది. పరమ సాత్త్వికమైన ఏర్పాటు, ఎదుటివారికి తెలియనైన తెలియదు. రీల్స్ గూర్చి చెప్పుటకేమియు లేదు, తీసివేసినాను. వార్తలకు ఉదయము ఒక పత్రిక. సాయంకాలము టిఫిను అయిన పిదప, కండ్లజోడు తుడుచుకొని, అటకమీదివానిని వరుసగా దింపి చదువుదును. అప్పటికి సగము సంగతులు వానియంతట అవే సద్దుమణిగియుండును: ఉదయము పోయినదన్న కరెంటు మధ్యాహ్నము వచ్చియుండును, పది గంటలకు రేగిన వివాదము పన్నెండింటికి క్షమాపణతో ముగిసియుండును, చచ్చిపోయినాడన్న నటుడు తానే బ్రతికియున్నానని ప్రకటన ఇచ్చియుండును. ఒక్క మిత్రుని మాత్రము మ్యూటు చేయలేదు. ఆయన పంపునది ఏదియు ఎందుకును కొరగాదు. పెసరట్టులో ఉప్మా పెట్టిన మొదటివాడు ఎవడై యుండును అని అర్ధరాత్రి అడుగును. అప్రస్తుత ప్రసంగి యొకడు ఉండవలెనని శాస్త్రము.

ఈ మ్యూటు సంగతి మా అక్కయ్య చెవిని పడినది. గుంపునుండి వైదొలగుట మన కుటుంబములలో ఎంత అమర్యాదయో వేరుగ చెప్పనక్కరలేదు. ఫలానావారు వెడలిపోయిరని అందరికిని కనబడు బాధ 2022 లో తప్పి, ఇప్పుడు అడ్మినునకు మాత్రమే తెలియునట్లు మార్చినారుగాని, మా గుంపునకు అడ్మిను మా బావగారు, కావున అది మరింత ప్రమాదము. అందుచేతనే మ్యూటు. ఐనను తెలిసినది.

“మన గ్రూపు మ్యూట్‌లో పెట్టావటగా?” అన్నది ఫోనులో.

“అన్నీ పెట్టానక్కయ్యా, మనదొక్కటే కాదు.”

“అంటే మేమూ ఆ అన్నిట్లో ఒకళ్ళమేనన్నమాట.”

ఈ వాదమునకు తర్కశాస్త్రమున సమాధానము లేదు. “సాయంత్రం కూర్చుని వరసగా చదువుతున్నాను. పొద్దున్న అయితే చదవడమెక్కడ, చూడ్డమేగా!” అంటిని.

“మరి అర్జెంటైతే?”

“ఫోన్ చెయ్యి.”

“బావుంది. నువ్వు పూజలో ఉన్నావో, పడుకున్నావో, ఎందుకు లేపడమనేగా మెసేజీ పెట్టేది!”

ఈ మాట నన్ను చాల దినములు వదలలేదు. మెసేజి పుట్టుకలో ఒక మర్యాద ఉన్నది. తలుపు తట్టక, గడపవద్ద ఉంచిపోవుట. తీరినపుడు తీసికొనుడని చెప్పుట. జాబు చేసిన పనియే అది. తీరా ఆ మర్యాదకు గంట కట్టినారు. 2014 లో చదివినారో లేదో పట్టిచ్చు నీలిగీతలు కట్టినారు. చదివియు బదులీయలేదేమను నిష్ఠూరము దానికి తోక. కాచుకొని యుండుటకు పుట్టినది కాచుకొనుట మరచినది. నేను చేసినదల్లా అక్కయ్య మెసేజికి ఆమె ఉద్దేశించిన నిదానమునే తిరిగి ఇచ్చుట. ఈ సమాధానము ఆమెకు చెప్పినాను. “నీ మాటలు ఎప్పుడూ బానే ఉంటాయి” అన్నది.

ఇట్లు కిటికీలు మూసికొన్నచో లోకములో ఏమి జరుగుచున్నదో తెలియనివాడవై పోవుదువని హితైషులు భయపెట్టినారు. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతమంతయు నీట మునిగినపుడు, ఆ ప్రక్కనే ఉన్న మా వారి సంగతి తెలియక, అటకమీది గుంపులన్నింటిని నేనే దింపినాను. ఏ వీథిలో నీరు ఎంతవరకున్నది, పాలప్యాకెట్లు పడవలో ఎక్కడికి వచ్చినవి, ఫోను ఛార్జింగు ఎవరి మేడమీద దొరకును అను వార్తలు ఆ దినములలో ఏ పత్రికయు అంత త్వరగా చెప్పలేదు. నీరు తీసినది; గుంపులు మరల అటకెక్కినవి. అవసరమునకు దిగిరానిచో అది అటక యెట్లగును?

ఇంతవరకు నేను మనమందరము అవధానులమే యైనట్లు, ప్రశ్నలన్నియు ఎక్కడినుండియో వచ్చి మీద పడుచున్నట్లు వ్రాసితిని. అది అర్ధసత్యము. ప్రతివాడును తన సభలో అవధాని, పరుల సభలో పృచ్ఛకుడు. తనకు వచ్చు ప్రవాహమును తగ్గించుకొని, తాను పంపునది మాత్రము తగ్గించనివాడు, తన వాకిలి ఊడ్చి చెత్తను పొరుగువాని గుమ్మమున పోసినట్లే. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వట్టి పుకార్లు చేతులు మారిమారి, 2018 లో మన దేశమున పలుచోట్ల నిరపరాధులు గుంపుల చేతిలో ప్రాణములు కోల్పోయినారు. అటుపిమ్మట ఆ జూలైలో వాట్సాప్ వారు మన దేశమున ఒక సందేశమును ఒక్కసారికి అయిదుగురికంటె, లేదా అయిదు గుంపులకంటె, ఎక్కువమందికి ఫార్వర్డు చేయరాదని కట్టడి చేసిరి. 2020 ఏప్రిలులో, అనేక చేతులు మారివచ్చినదానిని ఒక్కసారికి ఒక్కరికే అనిరి. ఆ పుకార్లను మొదట పుట్టించినవారు కొలదిమంది యై యుందురు. దాటించినవారందరును, మనవలెనే, ఎవరికైన మేలగునేమో యని దాటించినవారు. ‘తెలిసి ఉంటే మంచిది కదా’ అను మాట కంటె ప్రమాదకరమైన సదుద్దేశమును నేనెరుగను.

నా కట్టడి కంపెనీవారి దానికంటె కఠినము: పేరు పెట్టి పిలిచి, ‘ఇది నీకొరకు’ అని రెండు ముక్కలు స్వయముగా వ్రాయ బుద్ధిపుట్టనిచో పంపను. ఇది మొదలుపెట్టినపుడు ఒక చిత్రము జరిగినది. నా శుభోదయములు ఆగిపోయిన వారములో పలువురు ఫోను చేసి, ఒంట్లో కులాసాయేనా యని అడిగినారు. అంతవరకు గులాబులను చూచి నవ్విన నాకు అప్పుడు గాని వాని అర్థము స్ఫురింపలేదు. తణుకులో వృద్ధదంపతు లిద్దరే యుందురు, నాకు దూరపు చుట్టములు. ఆయన ఉదయము ఆరుగంటలకు ఒక పువ్వు పంపును. న్యూజెర్సీలోని కుమారుడు ఆ పువ్వు క్రింది సూక్తిని ఎన్నడును చదువడు, పువ్వు రంగైన చూడడు. ఏడు గంటలకును అది రాకున్నచో ప్రక్కవాటావారికి ఫోను చేయును. అది శుభోదయము కాదు, రాత్రి క్షేమముగా గడచినదని చేవ్రాలు. గూగుల్ వారి యంత్రము దానిని చెత్తగా గుర్తించినచో యంత్రము తప్పు కాదు. ఆ పువ్వు దాని కర్థమగుటకు దానికొక తండ్రి యుండవలెను. అందుచేత, శుభోదయములు పంపువారిని ఎగతాళి చేయు వ్యాసములు వ్రాయుట మానుకొన్నాను. పైన వ్రాసిన రెండు వాక్యములును పాత అలవాటు. ఆ పెద్దాయన ఒక్కనికి కావలసిన పువ్వును మూడువందలమందికి పంపుచున్నాడన్నదే చిక్కు. మొన్న కలిసినపుడు, ఆ పువ్వును అబ్బాయికి మాత్రము పంపి, తక్కినవారికి పండుగలకు పంపవచ్చును గదా యని మెల్లగా అన్నాను. “అందరికీ ఒకేసారి పోతుంది, పనేముంది నాయనా” అన్నాడు. పంపువానికి పనిలేకుండ చేసిన దినముననే పుచ్చుకొనువానికి పని మొదలైనదని ఆయనతో వాదించుటకు నాకు మనసొప్పలేదు. ఎనుబది నాలుగేండ్లవాడు, చదువుకొన్నవాడు, ఆ పువ్వు నొక్కుటలో కొంత ఉత్సాహము పొందుచున్నాడు.

అక్కయ్య మాత్రము కొంత మారినది. గుంపులో పెట్టి ఊరకొనక, ఇప్పుడు ఫోనే చేయుచున్నది. ఈ వేసవిలో ఒకనాటి మిట్టమధ్యాహ్నము మాట్లాడినది.

“ఫొటో పెట్టాను, చూశావా?”

“సాయంత్రం చూస్తానక్కయ్యా.”

“సాయంత్రమా! ముక్కలు కొట్టించి తుడిచి ఆరబెట్టాను, కారం కలిపేస్తున్నాను. కాయ నూజివీడు నించి తెప్పించారు మీ బావగారు. టెంక గట్టిపడిందో లేదో నాకు అనుమానంగా ఉంది. మెత్తగా ఉంటే మాగాయకి వేరే తీసేస్తాను. నువ్వు చూసి చెప్పు, నీకు పంపేది కూడా అందులోదే.”

“ఫొటోలో టెంక ఎలా తెలుస్తుంది?”

“దగ్గరగా తీశాను.”

గుంపును అటకమీదినుండి దింపి చూచితిని. నిజముగనే దగ్గరగా తీసినది: స్టీలు పళ్లెములో ఒకే ముక్క, జీడి తీసినది, అంచున ఆమె బొటనవ్రేలు. టెంక బాగుగనే పట్టినది. ఆవకాయకే ఉంచుమని చెప్పి, ఉప్పు మాత్రము నిరుటికంటె ఒక పిడికెడు తగ్గింపుమంటిని.